ఇరవై నాలుగో గ్లాసు

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని సామెత. దాన్ని పుట్టించిన మహానుభావుడెవరో గానీ, మా అమ్మ గరిటె ముందు కడబంతిలో ఎన్నడూ నిలబడి ఉండడు. నేను నిలబడ్డాను. ఐదేళ్ళు ఇంకా నిండని వయసులో, చేతిలో ఇత్తడి గ్లాసుతో, ఆదివారాలు తప్ప రోజూ నిలబడ్డాను.

సాగర్ డ్యాము కడుతున్న రోజులవి. నాన్న అక్కడ తాపీపనికి కుదిరి, నెలకోసారి మాచర్ల మీదుగా బస్సులో వచ్చి ఒక పూట ఉండి వెళ్ళేవాడు. అమ్మ నరసరావుపేటలో మిషను బళ్ళో ఎనిమిదో తరగతి దాకా చదివింది. తర్వాత ఆరు నెలలు ట్రైనింగు తీసుకుని బాలవాడి టీచరయింది. గురజాలకూ మాచర్లకూ మధ్య ఒక ఊళ్ళో వేశారు. అక్కడ మాకు చుట్టాలు లేరు, పక్కాలు లేరు. ఒక అద్దె గది, ఒక పొయ్యి, అమ్మా, నేనూ.

బాలవాడి అంటే బడికి పోయే వయసు రాని పిల్లల్ని పొద్దున పూట చేరదీసి, ఆడించి పాడించి, మధ్యలో గ్లాసెడు పాలు పోసి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇళ్ళకు పంపే చోటు. ఊళ్ళో దాన్ని పాలబడి అనేవాళ్ళు. ఊరికి పడమటగా ఒకే ఒక్క గది. గోడలు నాపరాళ్ళవి, నేల నాపరాళ్ళది, పైకప్పు కూడా నాపరాళ్ళే. పల్నాటిలో మట్టికంటే రాయే సులువుగా దొరుకుతుంది. ముందు ఒక తలుపు, వెనక ఒక కిటికీ. ఎండాకాలం పొద్దెక్కితే ఆ గది రొట్టెల పెనంలా కాలిపోయేది.

అమ్మ చేసే పని ఏమిటో ఊళ్ళో ఎవరికీ అర్థమయ్యేది కాదు. చేటలో చింతగింజలు, కందులు, జొన్నలు కలిపి పోసి, పిల్లల చేత వేరు చేయించేది. రకరకాల డబ్బాలు ఒక పక్కన, వాటి మూతలు ఇంకో పక్కన పెట్టి, ఏ మూత ఏ డబ్బాదో వెతికి పెట్టమనేది. ఒకరి చొక్కా గుండీలు ఇంకొకరు పెట్టాలి. కళ్ళు మూసుకుని కూర్చుని, బయట ఏమేం చప్పుళ్ళు వినిపిస్తున్నాయో చెప్పాలి. పిల్లల్ని దింపడానికి వచ్చిన ఆడవాళ్ళు ఇదంతా చూసి నొసలు చిట్లించేవాళ్ళు.

"ఓనామాలు దిద్దిచ్చకుండా గింజలేరిచ్చేదేంది టీచరమ్మా? ఆ పని మా ఇంటికాడ లేదా ఏంది?"

"వేళ్ళకి పట్టు రానీ వదినా. బలపం పట్టుకునేది వేళ్ళేగా" అనేది అమ్మ.

ఒక ముసలామె ఊరుకోలేదు. "మొక్కై వంగనిది మానై వంగుద్దా తల్లీ?" అంది.

"ముందు మొక్కని మొలవనియ్యి పెద్దమ్మా. తర్వాత వంచుదువుగాని."

అమ్మకు నోరుంది. ఆ నోరు నాకూ వచ్చిందని అందరూ అంటారు. వచ్చిందేమో గానీ, పాలబడిలో మాత్రం నాది మూతపడే ఉండేది.

మొదటిరోజే అమ్మ నన్ను గుమ్మం బయట నిలబెట్టి ఒక మాట చెప్పింది. "గడప లోపల నేను టీచరమ్మని. గడప దాటినాక అమ్మని. లోపల అందరు పిల్లలూ నాకు ఒకటే. తెలిసిందా?" నేను ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట వేసి, "ఇప్పుడు?" అన్నాను. అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నెత్తిన చిన్న మొట్టికాయ వేసి లోపలికి తోసింది. ఆ మొట్టికాయ ఎంత బాగుందో చాలా రోజులు గుర్తు చేసుకున్నాను, ఎందుకంటే లోపల నాకు ఆ మాత్రం కూడా దొరకలేదు.

ఒక రైతుబిడ్డ ఉండేవాడు. వాడికి డబ్బా మూత పెట్టడం పది రోజులైనా రాలేదు. వాడు మూతతో కుస్తీ పడుతుంటే అమ్మ వాడి పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. సాయం చేసెయ్యకుండా తన చేతుల్ని తనే పట్టుకునేదన్నమాట. పదకొండో రోజు మూత టక్కున కూర్చుంది. వాడు గది దద్దరిల్లేట్టు అరిచాడు. వెనక కట్టుకున్న అమ్మ చేతులు విడిపోయాయి, వాణ్ణి ఎత్తుకుని గిరగిరా తిప్పింది. నాకు ఆ మూతలన్నీ మొదటిరోజే వచ్చు. వచ్చినందుకు ఎవరూ తిప్పలేదు.

పాల వరసలో నేను కడపటికి పోవడానికి కారణం నేనే. మొదటి వారం గుండిగ పక్కనే నిలబడేదాన్ని గనక, అమ్మ ఏమీ ఆలోచించకుండా మొదటి గరిటె నా గ్లాసులోనే పోసేది. ఒకరోజు కొడుకును తీసుకుపోవడానికి వచ్చిన ఒకావిడ గుమ్మంలోంచి చూసింది.

"బాగుందమ్మా! నీ కూతురికి ముందు పోసుకొని మిగిలింది మా బిడ్డలకా? వడ్డించేవాడు మనవాడైతే ఇంకేంలే!"

మధ్యాహ్నానికి ఆ మాట ఊరంతా తిరిగింది. మర్నాడు పాలవేళకు అమ్మ నా రెక్క పట్టుకుని తీసుకెళ్ళి వరసలో అందరి వెనకా నిలబెట్టింది. "ఇక్కణ్ణించి కదలమాకు" అంది. ఎన్నాళ్ళని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పాలంటే గేదెపాలు కావు. పరదేశపు అక్షరాలున్న పెద్ద డబ్బాల్లో పొడి వచ్చేది. గుండిగలో నీళ్ళు కాచి కొలత ప్రకారం పొడి కలిపితే సరిగ్గా ఇరవై మూడు గరిటెలు. ఇంకో కొలత పొడి వేస్తే నెలాఖరు రాకముందే డబ్బా ఖాళీ అవుతుంది. ఇంకో చెంబు నీళ్ళు పోస్తే పిల్లల్ని మోసం చేసినట్టు. అమ్మ ఈ రెండూ చెయ్యదు. నిప్పులాంటి మనిషి అంటారే, ఆ రకం. నిప్పు పక్కన పెరిగినవాళ్ళ సంగతి ఎవరూ అడగరు.

నిజం చెప్పాలంటే ఆ పాలు బాగుండవు. రేకువాసన. సగంమంది పిల్లలు ముక్కు మూసుకుని తాగేవాళ్ళు. నాకు ఆకలీ కాదు, ఇంటి దగ్గర చద్దన్నంలోకి పక్కింటి పిన్నిగారు మజ్జిగ పోసేది. నాకు కావలసింది అమ్మ గరిటె ఎత్తి నా గ్లాసు వైపు వంచడం. ఆ గది లోపల అమ్మ నా కోసం, నా ఒక్కదాని కోసం చేసే పని అదొక్కటే. అందుకని ఆ గరిటె నాదాకా వస్తుందా రాదా అన్నది నాకు రోజూ ప్రాణసంకటంగా ఉండేది.

లెక్కలు నేను అలా నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. వరసలో నా ముందున్న తలలు చూసుకుంటూ ఒకటి, రెండు, మూడు అనుకునేదాన్ని. ఇరవై రెండు తలలుంటే పాలు నాకొస్తాయి. ఇరవై మూడుంటే రావు. అందరూ వచ్చినా నా ముందు ఇరవై ఇద్దరే గనక చివరి గరిటె నాదే అయ్యేది. గరిటె అడుగున గీరిన చప్పుడు వినబడేది, నా గ్లాసు నిండేది. అమ్మ నా మొహం వైపు చూడకుండానే "తాగు" అనేది. ఆ ఒక్క మాటతో ఆ పూట గడిచిపోయేది.

ఆటల్లో నన్ను ఎవరూ కలుపుకునేవాళ్ళు కాదు. "దాన్ని రానియ్యమాకండిరా, టీచరమ్మ కూతురు, చెప్పుద్ది" అనేవాళ్ళు. చెప్పలేదని అనను, రెండుసార్లు చెప్పాను. రెండోసారి తర్వాత ఇక నాతో ఎవరూ చెయ్యి కలపలేదు. ఇంటికొచ్చాకనైనా అమ్మ నాదే కదా అనుకుంటే, అక్కడా ఆమె మాటల నిండా ఆ పిల్లలే. ఎవడు గుండీ పెట్టుకున్నాడు, ఎవరు కొత్తమాట పలికారు, ఎవరికి గజ్జి తగ్గింది. నేను ఊఁ కొడుతూ అన్నం తినేదాన్ని. నన్ను గురించి చెప్పుకోవడానికి ఆమెకు ఏమీ ఉండేది కాదు, ఎందుకంటే నాకు అన్నీ వచ్చు, నాకు ఏ ఇబ్బందీ లేదు.

మిరపకోతలప్పుడు ఆ పిల్ల వచ్చింది. ఊరికి అవతల నాపరాయి క్వారీలో పనికి కృష్ణ ఆవలి నుంచి కొన్ని కుటుంబాలు వచ్చి గుడిసెలేసుకున్నాయి. వాళ్ళ పిల్ల. మూడేళ్ళుంటాయేమో. మోకాళ్ళ కిందికి వేలాడే మగవాళ్ళ చొక్కా, రాతిపొడితో బూడిదరంగైన జుట్టు, చేతిలో ఒక రేకు గ్లాసు. ఇంకో చేతి గుప్పిట్లో ఎప్పుడూ ఒక గులకరాయి. నోటివెంట ఒక్క మాట రాదు. ఏం వస్తువు కనబడినా ఆ గులకరాయితో టక్కున కొట్టి, తల ఒక పక్కకు వంచి వినేది. తలుపు, గుండిగ, గోడ, పక్కవాడి డబ్బా, ఏదైనా సరే.

మిగతా పిల్లలు దాన్ని మొద్దు అన్నారు. అమ్మ మూడు రోజులు గమనించి, నాలుగో రోజు సాయంత్రం నాతో మహా సంబరంగా చెప్పింది. "వాళ్ళ నాన్న రాయి చీల్చేముందు సుత్తితో కొట్టి వింటాడే. ఖంగుమంటే మంచిరాయి. బొద్దుమంటే లోపల బీటుందన్నమాట. ఈ పిల్లకి అదంతా వచ్చు! మూడేళ్ళకే చదువుకొని వచ్చింది." అమ్మ కళ్ళల్లో ఆ వెలుగు నేను ఎన్నడూ తెప్పించలేదు. నాకు ఒళ్ళు మండింది.

దానికంటే పెద్ద సంగతి ఇంకోటుంది. ఆ పిల్ల అందరికంటే చిన్నది, అందరికంటే ఆలస్యంగా వచ్చేది, అందుకని వరసలో అందరి వెనక, నాకు ముందు నిలబడేది. ఇరవై మూడో గ్లాసు దానిది. కోతల రోజులు గనక తల్లులు పిల్లలందరినీ బడికి తోలేవాళ్ళు, ఒక్కరూ మానేవాళ్ళు కాదు. గరిటె అడుగున గీరిన చప్పుడు ఇప్పుడు ఆ రేకు గ్లాసు దగ్గర వినబడేది. నాది ఇరవై నాలుగో గ్లాసు. అమ్మ ఖాళీ గుండిగ పక్కకు దించి, "గ్లాసులు కడిగి బోర్లించండి" అని అందరితో అనేది. నేనూ వెళ్ళి, తాగని గ్లాసును కడిగి బోర్లించేదాన్ని.

ఇలా పన్నెండు రోజులో పదిహేను రోజులో గడిచాయి. ఆ పిల్ల నా పాలు తాగడం లేదు, నా అమ్మను తాగుతోందని నాకు అనిపించేది. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ అప్పుడు అది నవ్వే సంగతి కాదు.

పొద్దున్నే అమ్మ గది ఊడ్చి నీళ్ళు కాచుకుంటుంటే నేను బయట తిరిగేదాన్ని. క్వారీ నుంచి వచ్చే బాట, బడికి కొంచెం ఇవతల, తంగేడు పొదల దగ్గర మలుపు తిరుగుతుంది. ఒకరోజు వెళ్ళి ఆ మలుపులో నిలబడ్డాను. పిల్లలందరూ బడిలోకి వెళ్ళిపోయారు. ఆఖరుకు ఆ పిల్ల గ్లాసుతో ఒక్కతే వచ్చింది.

"ఇయ్యాల బడి లేదు. ఇంటికి పో" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. గులకరాయితో తన గ్లాసును ఒకసారి కొట్టి విన్నది. తర్వాత వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. ఇంత సులువా అని నేనే ఆశ్చర్యపోయాను.

ఆ పూట గరిటె నాదాకా వచ్చింది. "తాగు" అంది అమ్మ. ఆ రేకువాసన పాలను గుక్కగుక్కకూ ఆగి, వీలైనంతసేపు తాగాను. పాపభయం లేదా అంటే, లేదు. చర్చిలో ఆదివారం బళ్ళో చెప్పిన నరకం ఒక్క క్షణం గుర్తొచ్చి పోయింది, అంతే. చాలా సంతోషంగా ఉన్నాను. మర్నాడూ అదే మాట చెప్పాను, ఆ మర్నాడూ చెప్పాను, నాలుగోరోజూ చెప్పాను.

నాలుగోరోజు బడి వదిలాక అమ్మ తలుపు తాళం వేస్తూ, "ఆ క్వారీ పిల్లకి జొరమేమో. పోయి చూసొద్దాం రా" అంది. నేను రానన్నాను. చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

క్వారీ గుంట అంచున ఆ పిల్ల తల్లి రాతిపలకలు పేరుస్తోంది. అమ్మ అడిగిన మాటకు తెల్లబోయింది. "రోజూ తోలుతనే ఉన్నం గదమ్మా. గ్లాసు వట్టుకొని పొద్దుగాల పోతది, బడి ఇడిసినంక వస్తది. ఇయ్యాలింక రాలే."

ఇద్దరు తల్లులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత పరుగు. దారిలో ఒక దిగుడుబావి ఉంది. ఆడవాళ్ళు ముందు ఆ బావిలోకే తొంగిచూశారు. ఆ పిల్ల బడికి ఎందుకు రాలేదో నాకు తెలుసు, అయినా చెప్పకుండా వాళ్ళ వెనకే పరుగెత్తాను. బావి గట్టున నిలబడి నీళ్ళలోకి చూస్తున్న అమ్మ మొహం చూసి, నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఈ రోజుకీ ఎక్కడైనా దిగుడుబావి కనబడితే నేను పక్కకు తప్పుకుంటాను.

ఆ పిల్ల బావిలో లేదు. పాలబడి వెనక గోడకు, కిటికీ కింద, కొద్దిపాటి నీడలో పడుకుని నిద్రపోతోంది. ఇంటి దగ్గర తడిక కట్టేసి ఉంటుంది, గుంట దగ్గరికి రానివ్వరు. మరెక్కడికి పోతుంది? చుట్టూ తిరిగొచ్చి నాలుగు రోజులూ అక్కడే కూర్చుంది. కిటికీలోంచి అమ్మ గొంతు వినబడుతుంది కదా. అమ్మ లోపల ఏం చెబితే అది బయట చేసింది. దాని ముందు గులకరాళ్ళు మూడు కుప్పలుగా ఉన్నాయి. నల్లవి ఒకటి, తెల్లవి ఒకటి, ఎర్రవి ఒకటి. ఆ పొద్దున లోపల మేము చింతగింజలు, జొన్నలు, కందులు వేరు చేశాం. పక్కనే రేకు గ్లాసు శుభ్రంగా బోర్లించి ఉంది.

ఆ బోర్లించిన గ్లాసు చూసి అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వంగి ఆ పిల్లను ఎత్తి చంకనేసుకుంది. "అమ్మా" అన్నాను. అది గడప అవతల, బయట, అలా పిలిచే హక్కు నాకుంది. అమ్మ తిరిగి చూడలేదు.

"ఎవరు కూసోమన్నరే ఈడ?" అని అడిగింది వాళ్ళమ్మ. నిద్రకళ్ళతోనే ఆ పిల్ల నా వైపు వేలు చూపింది.

అమ్మ నన్ను ఇంటికి తీసుకొచ్చింది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. పొయ్యి వెలిగించకుండానే నన్ను ముందు కూర్చోబెట్టుకుని, "ఎందుకు చెప్పావే అట్టా?" అంది.

మూలనున్న చింతగింజల డబ్బా తెచ్చి వరసగా పేర్చాను. ఇరవై మూడు గింజలు పెట్టి, "ఇవి గరిటెలు" అన్నాను. పక్కన ఇంకో వరస పేర్చి, "ఇది మేము" అన్నాను. చివరికి ఒక గింజ మిగిలింది. దాని మీద వేలుపెట్టి, "ఇది నేను" అన్నాను.

అమ్మ ఆ గింజను అరచేతిలోకి తీసుకుంది. "ఇరవై నాలుగు దాకా లెక్క ఎవరు నేర్పిచ్చారే నీకు?" అంది.

"ఎవరూ లేదు. లైన్లో నిలబడితే వచ్చింది."

ఊళ్ళో పిల్లలందరికీ ఏ రోజు ఏం వచ్చిందో నోటితో చెప్పగల మనిషి. కూతురికి లెక్కలొచ్చిన సంగతి ఆమెకు తెలియదు. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అప్పుడైనా, రేపట్నుంచి నువ్వు ముందుకొచ్చి నిలబడు అంటుందని ఆశపడ్డాను. అనలేదు.

"నాకు నువ్వూ ఆ పిల్లా వేరు కాదే. ఆ పిల్లకి గ్లాసెడు పాలే ఉన్నాయి. నీకు నేనున్నానుగా" అంది.

ఎక్కడున్నావు అని అడగాలనిపించింది. తర్వాత నేనూ అదే ఉద్యోగం ముప్పై ఏళ్ళు చేశాను. ఆమె ఎందుకలా అన్నదో తెలుసు, ఆమె స్థానంలో ఉంటే నేనూ వరస మార్చేదాన్ని కాదేమో. అయినా కోపం ఇంకా కొంచెం మిగిలే ఉంది. నా పిల్లల్ని మాత్రం నేను పనిచేసిన బడికి ఒక్కరోజు కూడా తీసుకెళ్ళలేదు, వాళ్ళ నానమ్మ దగ్గర వదిలి వెళ్ళేదాన్ని.

అమ్మ వేసిన శిక్ష ఒక్కటే. "రేపట్నుంచి మలుపు దగ్గర నిలబడి ఆ పిల్ల చెయ్యి పట్టుకొని నువ్వే తీసుకొని రా."

మర్నాడు నిలబడ్డాను. ఆ పిల్ల వచ్చింది. నన్ను చూసి మలుపులో ఆగిపోయింది. గ్లాసు గుండెలకు ఆనించుకుని, తల ఒక పక్కకు వంచి, నోరు తెరిచింది.

"బడి ఉన్నదా అక్కా?"

మా పాలబడిలో ఆ పిల్ల పలికిన మొదటి మాట అది. మూడు వారాలుగా అమ్మ పాటలతో, కథలతో, బొమ్మలతో పలికించాలని చూసిన నోరు. అది నేర్చుకున్న మాట నా అబద్ధంలోంచి వచ్చింది. "ఉంది" అన్నాను. చెయ్యి చాపితే నా వేలు పట్టుకుంది. గుమ్మంలో అమ్మకు చెబితే, "మాటొచ్చిందా! ఏమందే?" అని ఎగిరి గంతేసినంత పనిచేసింది. ఏమన్నదో చెప్పాక ఆ పిల్ల చెయ్యి నా చేతిలోంచి తీసుకుని లోపలికి నడిపించింది.

పసిపిల్లలు మనం నేర్పింది నేర్చుకుంటారని ట్రైనింగుల్లో చెబుతారు. ఆ పిల్ల నా దగ్గర నేర్చుకున్నది, బడి ఉందో లేదో నన్ను అడగాలని. అంతే నేర్చుకుంది. ప్రతిరోజూ, మలుపు దాటేముందు ఆగి, "బడి ఉన్నదా అక్కా?" అనేది. నిన్న ఉంది కాబట్టి ఇవాళా ఉంటుందన్న నమ్మకం దానికి మళ్ళీ రాలేదు. నేను ఉందంటేనే అడుగు వేసేది. ఒక్కరోజైనా అడక్కుండా నడుస్తుందేమోనని నేను చూసేదాన్ని. నడవలేదు.

పాలు మళ్ళీ నాకు రావడం మానేశాయి. కానీ ఇప్పుడు నా పక్కన ఒకరున్నారు. పాలవేళ ఆ పిల్ల తన గ్లాసు తెచ్చి నా ఖాళీ గ్లాసు పక్కన పెట్టేది. గులకరాయితో తన గ్లాసు కొట్టేది. నిండా పాలున్నాయి గనక బొద్దుమనేది. మొహం చిట్లించేది. తర్వాత నాది కొట్టేది. ఖాళీ ఇత్తడి గ్లాసు ఖంగుమనేది. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేది. దాని లెక్కలో మంచి గ్లాసు నాది, బీటపడ్డది తనది. రోజూ అదే ఆట, రోజూ అదే నవ్వు. ఆ పాలబడిలో నన్ను చూసి నవ్విన మొదటి మనిషి అదే. కొన్నాళ్ళకు నేను వరసలో తలలు లెక్కపెట్టడం మర్చిపోయాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి, అమ్మతో పాటు నేనూ ఆ పిల్ల కబుర్లు చెప్పేదాన్ని. అమ్మ కొత్తమనిషిని చూసినట్టు నన్ను చూస్తూ వినేది.

తొలకరికి క్వారీ గుంటలో నీళ్ళు చేరితే పని ఆగిపోతుంది. ఆ సంగతి పెద్దవాళ్ళకు తెలుసు, నాకు తెలియదు. ఒక రాత్రంతా కుండపోతగా వాన కురిసింది. పొద్దున్నే మలుపులో నిలబడ్డాను. తంగేడు పొదలు తడిసి ఉన్నాయి. పిల్లలందరూ బురద తొక్కుకుంటూ వెళ్ళిపోయారు. "ఉంది" అన్న మాట నోట్లో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. చివరికి గొర్రెలు తోలుకుపోతున్న ఒక తాత నన్ను చూసి, "ఎవరికోసమే? రాళ్ళోళ్ళు తెల్లారుగట్టే పోయారుగా, బండి కట్టుకొని ఏరు దాటను" అన్నాడు.

బడికి వెళ్ళాను. ఆ పూట అమ్మ ఏం నేర్పిందో గుర్తులేదు. పాలవేళ వరసలో చివర నిలబడి, ఎన్నాళ్ళకో మళ్ళీ లెక్కపెట్టాను. నా ముందు ఇరవై రెండు.

గరిటె అడుగున గీరిన చప్పుడు నా గ్లాసు దగ్గర వినబడింది. ఆ రోజు అమ్మ నా మొహంలోకి చూసింది. అంతమంది పిల్లల ముందు, గడప లోపల, నా తల మీద చెయ్యేసి, "తాగు తల్లీ" అంది. ఏడాదిగా నేను కోరుకున్నది అంతా ఒక్కసారే వచ్చింది.

గ్లాసు తీసుకుని గోడవారగా కూర్చున్నాను. గుమ్మం దగ్గర దొరికిన ఒక గులకరాయితో దాన్ని కొట్టి, తల వంచి విన్నాను. బొద్దుమంది. పక్కన కొట్టడానికి ఇంకో గ్లాసు లేదు. పాలు చల్లారేదాకా అలాగే కూర్చుని, తర్వాత తాగేశాను.